నాలుగో దినం పసుపు నీళ్లు

1987 జూన్‌లో పావగడ తాలూకాలోని ఒక పల్లె పశువుల ఆసుపత్రికి పశువైద్యాధికారిగా నాకు పోస్టింగు వచ్చింది. అది నా ఉద్యోగంలో రెండో ఏడు. నేను పావగడ బజారులో బట్టల కొట్టు నడిపే ఇంటి ఆడపిల్లను. ఆవు లోపలికి చేయి పెట్టి చూసే కొలువని తెలిశాక మా అమ్మ నన్ను స్నానం చేయనిదే వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. ఆసుపత్రిలో నా కింద ఉన్నది ఒక్కరే, అటెండరు హనుమంతరాయప్ప. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నా కోపాన్ని ఓపిగ్గా భరించేవాడు.

ఆ ఏడు కూడా వేరుశనగ చేలు ఎండిపోయాయి. పాడి ఉన్న ఇంట్లోనే పొయ్యి వెలిగేది. తిరుమణి వైపు నుంచి గంగమ్మ అనే ఆవిడ తన సీమావును నడిపించుకుని వచ్చేది. మొగుడు పోయిన మనిషి, ఆ ఆవొక్కటే ఆధారం. “ఎదకొచ్చిండాది డాక్టరమ్మా, సూదేయండి” అనేది. కృత్రిమ గర్భధారణను అక్కడ అందరూ సూది అనే అంటారు. చల్లని నత్రజని డబ్బాలోంచి వీర్యపు గొట్టం తీసి, గోరువెచ్చని నీళ్లలో కరిగించి, పొడుగాటి గన్నుతో గర్భాశయంలో వదలడం. అలా రెండుసార్లు వేశాను. రెండుసార్లూ చూడి నిలవలేదు.

మూడోసారి ఆమె వెంట మరిది ఓబులేసు వచ్చాడు. “ఇదే ఆఖరుమ్మా. ఈసారి నిలవకుంటే సంతకు తోలేస్తా. గొడ్డుటావును మేపేకి గడ్డి యాడుండాది?” అన్నాడు. సంతకు పోయిన గొడ్డుటావు ఎక్కడికి చేరుతుందో అందరికీ తెలుసు. గంగమ్మ ఆవు మెడ నిమురుతూ నిలబడింది. ఎప్పటిలాగే ఆవు శుభ్రంగా కడిగి ఉంది, నుదుటన పసుపు, కొమ్ములకు పసుపు. నా ఆసుపత్రి అంటే ఎంత గౌరవమో అని అంతకుముందు రెండుసార్లూ మురిసిపోయాను.

సూది వేసే ముందు అండాశయాన్ని తడిమి చూడాలన్నది నియమం. గేటు దాకా ఆవులు నిలబడి ఉంటే ఆ పని ఎగ్గొట్టేదాన్ని. ఆ రోజు మాత్రం మోచేతి దాకా తొడుగు వేసుకుని చూశాను. గర్భాశయ ద్వారం గట్టిగా మూసుకుని ఉంది. కుడి అండాశయం మీద మెత్తని బొడిపె ఒకటి తగిలింది.

ఆ బొడిపె సంగతి చెప్పాలి. ఎద ముగిశాక అండాశయం మీద పొక్కు పగిలి గుడ్డు బయటికొస్తుంది. పగిలిన గుంటలోకి సన్నని రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, నాలుగైదు రోజుల్లో అక్కడ నెత్తురుతో నిండిన కొత్త కండ పెరుగుతుంది. గర్భం నిలపడం దాని పని. చూడి నిలవలేదని తెలిస్తే, సుమారు పదిహేడో రోజు నుంచి ఆ నాళాలు మూసుకుపోతాయి. నీళ్లు కట్టేసిన మడిలా ఆ కండ ఎండిపోతుంది, ఇరవై ఒకటో రోజుకు మళ్లీ ఎద వస్తుంది. నా వేళ్లకు తగిలింది అయిదు రోజుల కండ. అంటే ఎద ఎప్పుడో దాటిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఎదకొచ్చిందని ఎవరు చెప్పారని గట్టిగానే అడిగాను.

“నెత్తురు కనపడింది కదమ్మా,” అంది గంగమ్మ బిత్తరపోయి. “మూడు దినాలు కొట్టం బయట కట్టేసినా. నాలుగో దినం పసుపు నీళ్లు పోసి తోలుకొచ్చినా. అదిన్నీ ఆడదే కదా తల్లీ.”

నా కోపం నా మీదికే తిరిగింది. మా ఇంట్లో మూడు రోజులు బయట కూర్చుని నాలుగో రోజు తలంటుకున్న దాన్నే నేనూ. అయినా ఆ పసుపు ఏమిటని ఒక్కసారీ అడగలేదు. చచ్చిన గుడ్డు మీద రెండుసార్లు సూది వేసిన ఘనత నాదే.

“గంగమ్మా, మనకు నెత్తురు ముందు, గుడ్డు తర్వాత. ఆవుకు గుడ్డు ముందు, నెత్తురు తర్వాత,” అన్నాను. “అది కనపడేసరికి పని అయిపోయి ఉంటుంది.”

ఆ రోజు సూది వేయలేదు. హనుమంతరాయప్ప సద్ది మూటలోంచి వేరుశనగ గింజలు పద్నాలుగు తీసి గంగమ్మకు ఇచ్చాను. పొద్దుకొకటి తినమన్నాను. అయిపోయాక పొద్దున, సాయంత్రం ఆవునే కనిపెట్టుకుని ఉండి, అది అరిచినా, తోక కింద జిగట కనపడినా వెంటనే తోలుకురమ్మన్నాను. ఓబులేసు నవ్వాడు. “ఏందమ్మా ఇది, గింజలతో చూడి నిలుస్తాదా?” అన్నాడు. అయినా ఆఖరు సూది దాకా ఆగడానికి ఒప్పుకున్నాడు.

గింజలు అయిపోయిన రెండో పొద్దున గంగమ్మ పరుగున వచ్చింది. ఆవు అరుస్తోంది, తోక కింద గాజులాంటి జిగట తీగలా వేలాడుతోంది, ఒళ్లంతా పేడ. పసుపు చుక్క కూడా లేదు. పేడ కొట్టుకున్న ఆవును చూసి అంత సంతోషపడ్డది నా జన్మలో అదొక్కసారే. తడిమి చూస్తే కుడివైపు కండ ఎండి గట్టిపడింది, ఎడమవైపు పొక్కు పొంగి ఉంది. పొద్దున ఎదకు సాయంత్రం సూది అన్న లెక్క ప్రకారం సాయంత్రం వేశాను. మూడో రోజు గంగమ్మ ఒక్కతే వచ్చి, “నెత్తురొచ్చిండాది. పసుపు నీళ్లు పోయలే!” అని చెప్పి వెళ్లింది. తర్వాత ఎద రాలేదు.

రెండున్నర నెలలకు చూడి పరీక్ష. ఓబులేసు కావాలనే సంత రోజున తోలుకొచ్చాడు, పగ్గం తన చేతికే చుట్టుకున్నాడు. నేను చేయి పెట్టాను. ఎడమ అండాశయం మీద కండ నిండుగా, గట్టిగా ఉంది. అంటే దాని నాళాలు మూసుకోలేదు. అదే వైపు గర్భాశయపు కొమ్ము ఉబ్బి ఉంది. వేళ్ల మధ్య పిండపు పొర జారింది. మరోసారి చూసుకున్నాను. “చూడిదే!” అని అరిచాను, అధికారి అలా అరవకూడదని తెలిసినా.

గంగమ్మ మరిది చేతిలోంచి పగ్గం లాక్కుంది. “పో, నువ్వే పో సంతకు,” అంది. హనుమంతరాయప్ప నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. మరుసటి ఏడు వేసవిలో ఆవు పెయ్యదూడను ఈనింది.

రైతు చూసింది తప్పు కాదు, దానికి చెప్పుకున్న అర్థమే తప్పు. ఆ అర్థాన్ని అడిగి తెలుసుకోకపోవడం నా తప్పు. తర్వాత ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నా బల్ల మీద వేరుశనగ గింజల డబ్బా ఉండేది. పసుపు పూసిన ఆవు గేటు దాటి వస్తే గన్ను జోలికి పోకుండా ముందు ఆ డబ్బా మూత తీసేదాన్ని.