బావ జీపు ఎత్తు పెంచిన ఏడాది

మా ఇంట్లో అక్కని అప్ప అంటాం. మా అప్పకి గుండె జబ్బు. చిన్నప్పుడు పట్టిన కీళ్ళ జ్వరం గుండెలో కవాటాన్ని పాడుచేసిందని డాక్టర్లు చెప్పేరు. మామూలు రోజుల్లో ఆమెని చూసి జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. ఆదివారం తెలుగు చర్చిలో పాట ఆమే ఎత్తుకునేది. చరణం మధ్యలో ఊపిరి అందక ఆగితే, పక్కన ఉన్న ఆడవాళ్ళు అందుకుని పాట పూర్తిచేసేవాళ్ళు. మళ్ళీ పల్లవి దగ్గర అప్ప గొంతు వినపడేది.

వానాకాలం వస్తే మాత్రం మాకు భయం. మేముండేది బెంగాలీవాళ్ళ పట్నంలో, వాట్‌గంజ్‌లో, డాక్ గోడ వెనక సందులో. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి రేవు పనికి వచ్చిన మా నాన్న ఆ సందులోనే కాపురం పెట్టేడు. ఆయనా అమ్మా పోయేక, అప్పా బావా నేనూ మిగిలేం. బావ మా మేనత్త కొడుకు. అందుకే నేనే కాదు, అప్ప కూడా ఆయన్ని బావా అనే పిలిచేది. ఆయన డాక్‌లో క్రేన్లు బాగుచేసే ఫిట్టరు. నేను ఒక గోడౌన్‌లో గుమస్తాని. వాళ్ళకి పిల్లల్లేరు. నాకింకా పెళ్ళి కాలేదు.

గంగకి పోటు వచ్చిన వేళ గట్టి వాన పడిందంటే మా సందులో నీళ్ళు వెళ్ళే దారి ఉండదు. కాలవలు వెనక్కి తన్నుతాయి. ఒక ఏడాది అలాంటి వాన పడిన పొద్దుటే అప్పకి ఆయాసం వచ్చింది. పడుకోలేదు, కూర్చోలేదు. పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగేయి. టాక్సీవాళ్ళు ఇంజనులో నీళ్ళు దూరతాయని రామన్నారు. చేత్తో లాగే రిక్షా ఒకటి దొరికింది. అప్పని ఎక్కించి, నేనో పక్కా బావో పక్కా పట్టుకుని నడిచేం. నడుంలోతు నీళ్ళలో గుంత ఎక్కడుందో రిక్షావాడికి మాత్రం ఏం తెలుస్తుంది? చక్రం దిగిపోయింది. రిక్షా ఒరిగి అప్ప ఆ మురుగునీళ్ళలో పడిపోయింది. బావ ఆమెని భుజాన వేసుకుని పెద్దరోడ్డు దాకా పరుగులాంటి నడక నడిచేడు. మెరక మీద ఎవరో కారాయన జాలిపడి ఎక్కించుకున్నాడు.

ఆసారి బతికింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "రెండో బాప్తీస్మం అయిపోయింది రా నాకు. మురుగులో ముంచేరు," అని నవ్వింది. నేనూ నవ్వేను. బావ నవ్వలేదు.

"ఒలే, మళ్ళీ ఏడాది నిన్ను అలగ తీసుకెల్లను," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ చలికాలంలో గంగ అవతల టికియాపారాలో ఒక జీపు దొరికింది. మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న చిన్న జీపు. మన తెలుగు రైల్వే మేస్త్రీ ఒకాయన తన పెరట్లో పడేసి ఉంచితే, అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. బావ అప్పు చెయ్యనన్నాడు. తన స్కూటరు ఆయనకిచ్చి, పైన చేతిలో ఉన్నది కలిపి జీపు తెచ్చుకున్నాడు. చర్చిలో మగవాళ్ళు చుట్టూ చేరి నవ్వేరు. "స్కూటరిచ్చి కోళ్ళగూడు కొన్నాడ్రా ఇతను," అన్నారు. బావ నొచ్చుకోలేదు. ఇంజను బాగుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఒక్కటే లోటు, బండి నేలకి దగ్గరగా ఉంది. మా సందులో నిలిచే నీళ్ళు దాని సీటు దాకా వస్తాయి. అందుకని దాన్ని పైకి లేపాలి.

మల్లిక్ బజార్‌లో ఆ పని చేసే దుకాణాలున్నాయి. బావ ఒక సాయంత్రం వెళ్ళి, వాళ్ళు చెప్పిన ధర విని, ఒక బండి కింద దూరి అంతా చూసి, టీ తాగి వచ్చేసేడు. "నానే సేస్తాను," అన్నాడు. ఆదివారం చర్చి అయ్యేక పని మొదలయ్యేది. డాక్ గోడ మీద పాత ఎన్నికల రాతలు ఎర్రగా వెలిసిపోయి ఉండేవి. ఆ గోడ పక్కన జాకీ పెట్టి, దుంగలు పేర్చి, మేమిద్దరం కింద పడుకునేవాళ్ళం.

మొదట చక్రాల మీద బండి బరువు మోసే కమాన్ల జోలికెళ్ళేడు. పాత లారీ కమాను పట్టీలు తెచ్చి, కమ్మరి చేత సాగగొట్టించి, జీపు కమాన్లకి ఒక్కో పట్టీ చేర్చేడు. బండి లేచింది. ఖర్చు పెద్దగా కాలేదు. ఆ సంతోషంలో అప్పని ఎక్కించుకుని డాక్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చేడు. దిగేసరికి అప్ప మొహం తెల్లబోయి ఉంది. గట్టిపడిన కమాన్లు ప్రతి గోతినీ తెచ్చి ఆమె గుండెల మీద కొట్టేయి.

"బావా, నన్ను ఆస్పత్రికి సేరస్తావో, దారిలోనే పైకి పంపించేస్తావో సూసుకో," అంది.

బావ ఆ సాయంత్రమే ఆ పట్టీలన్నీ ఊడదీసేడు. నేను విసుక్కున్నాను. "ఇన్ని ఆదివారాలు పడిన పాటు వృథాయేనా బావా?" అన్నాను.

"బండి నేపడం ఒక పని రా. మనిసి కూకునేటట్టు నేపడం ఇంకో పని," అన్నాడు.

తరవాత కమాను చివర బండికి తగిలించే షాకిళ్ళ వంతు వచ్చింది. తుక్కు ఇనప రేకులు కోసి, పై అధికారి అనుమతితో భోజనాల వేళ డాక్ వర్క్‌షాపులో కన్నాలు వేసుకుని, పొడుగు షాకిళ్ళు చేసేడు. బండి మెత్తగానే లేచింది గానీ, స్టీరింగు తాగినవాడిలా పక్కలకి పోవడం మొదలుపెట్టింది. కమాను కింద ఇనప చీలలు దూర్చి దాన్ని దారికి తెచ్చేడు. అయినా ఎత్తు చాలలేదు. ఓడలు తగిలినా గట్టు దెబ్బతినకుండా జెట్టీకి కట్టే లావుపాటి రబ్బరు దిమ్మలు పాతవి పారేస్తే, అడిగి తెచ్చుకున్నాడు. వాటిని ముక్కలు చేసి చట్రానికీ బాడీకీ మధ్య పెట్టాలి. ఆ రబ్బరు కోస్తుంటే రంపం పళ్ళు విరిగిపోయేవి. సబ్బునీళ్ళు పోస్తూ నేను పట్టుకునేవాణ్ణి, ఆయన కోసేవాడు. మా చేతులకి ఆ వాసన వారమంతా పోయేది కాదు.

అన్నీ పాతవే వాడిన మనిషి బ్రేకు గొట్టం దగ్గరికొచ్చేసరికి కొత్తది కొన్నాడు. బండి లేచేక పాత గొట్టం వీణ తీగలా సాగిపోయి ఉంది. "ఇక్కడ పీనాసితనం వొద్దు," అన్నాడు. పొగ గొట్టాన్ని టాపు దాకా లేపేడు. టైర్లు పెద్దవి, అరిగినవాటికి పైన కొత్త రబ్బరు వేసినవి. వేసవి ముగిసేసరికి జీపు మునుపటికంటే జానెడు పైన నిలబడింది. సందులో బెంగాలీ ముసలాయన ఒకరు చూసి, "దాదా, ఇదేమైనా ఒంటెనా?" అన్నారు.

అప్ప చీర కుచ్చిళ్ళు పట్టుకుని వచ్చి, ఒక కాలు పైకి పెట్టింది. రెండో కాలు లేవలేదు. కడ్డీ పట్టుకుని అలాగే నిలబడి ఆయాసపడింది. "నానెక్కనేను బావా," అంది. నవ్వుతూ మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి నవ్వు లేదు.

బావ మొహం చూడలేకపోయేను. ఎవరి కోసం లేపేడో ఆ మనిషికే బండి అందకుండా పోయింది. ఆయన మాత్రం రెండు రోజులు ఏదో ఆలోచించి, గొలుసుతో కిందికి దిగి మళ్ళీ మడిచిపెట్టుకునే ఇనప మెట్టు చేసి తగిలించేడు. దాని మీద అడుగేసి, ఒక క్షణం ఆగి, అప్ప ఎక్కింది.

తరవాత ఆ జీపు మాకు అరుగులా అయింది. సాయంత్రం లోడ్ షెడ్డింగ్ అయితే సందులో గాలాడదు. ఆ ఎత్తులో మాత్రం రేవు గాలి కొంచెం తగిలేది. అప్ప ముందు సీట్లో కూర్చుని, చీకటి పడేదాకా బియ్యం ఏరుకునేది. దారినపోయే ఆడవాళ్ళు తలెత్తి పలకరించేవాళ్ళు. ఆమెని అంత తీరిగ్గా నేను అంతకుముందు చూడలేదు.

వాన వచ్చింది. అప్పకి ఆయాసమూ వచ్చింది. రెండూ ఒకే పొద్దున. బావ గాభరా పడలేదు. బానెట్టు ఎత్తి, ఫాను రెక్క ఇంజను మీదికి నీళ్ళు చిమ్మకుండా దాని బెల్టు తీసేసి సీటు కింద పెట్టేడు. అప్పని ఎత్తి కూర్చోబెట్టేడు. నేను వెనక కూర్చుని ఆమె భుజాలు పట్టుకున్నాను. జీపు సందులోంచి కదిలింది. నీళ్ళు రెండు పాయలై ఇళ్ళ గడపలకి కొట్టుకున్నాయి. పెద్దరోడ్డు మీద బస్సులు ఆగిపోయి ఉన్నాయి. వరండాల్లోంచి జనం, "ఆపొద్దు దాదా, ఆపొద్దు!" అని అరిచేరు. బావ ఆపలేదు. ఎక్కడా ఆగకుండా ఆస్పత్రి మెట్ల దాకా తీసుకెళ్ళేడు. ఒక్క కుదుపు గట్టిగా తగల్లేదు.

అక్కడ కింద వార్డు నిండా నీళ్ళు. మంచాలు మేడ మీదికి మోస్తున్నారు. ఒక కుర్ర డాక్టరమ్మ, పాపం ముందురోజు నుంచీ ఇంటికి వెళ్ళనట్టుంది, అప్పకి ఇంజక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టింది. కొంచెం నెమ్మదించింది. కానీ ఆ అమ్మాయి మమ్మల్ని పక్కకి పిలిచి, ఇది తన చేతిలో లేదనీ, గుండె డాక్టరుగారు చూడాలనీ, ఆయన భవానీపూర్‌లో నీళ్ళ మధ్య చిక్కుకుపోయేరనీ, ఫోను కలవడం లేదనీ చెప్పింది.

"ఇల్లెక్కడో సెప్పండి. నాను తెస్తాను," అన్నాడు బావ. తెలుగులో అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూస్తే నేను బెంగాలీలో చెప్పేను.

వెళ్ళేముందు అప్ప దగ్గరికొచ్చి, "బేగి వచ్చేస్తాను," అన్నాడు. ఆమె తలూపింది.

బావ వెళ్ళేక అప్ప చాలాసేపు కళ్ళు మూసుకునే ఉంది. మధ్యలో ఒకసారి తెరిచి, ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి, "నా కాళ్ళు తడవనేదు రా. సూసేవా?" అంది.

"చూసేనప్పా. మాటాడకు."

"బావకి సెప్పు."

మధ్యాహ్నం దాటేక ఆమె ఊపిరి మారింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఎంతో ప్రయత్నించింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఆ జీపు చప్పుడు కోసం విన్నాను. రాలేదు. అప్ప పోయింది.

ఆ తరవాత కొంచెం సేపటికే జీపు వచ్చింది. బావ డాక్టరుగారి పెట్టె చేత్తో పట్టుకుని ముందు మెట్లెక్కుతున్నాడు. వెనక ఆయన, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి. గుమ్మంలో నేను నిలబడి ఉన్నాను. నా మొహం చూసి బావ ఆగిపోయేడు. పెట్టె కింద పెట్టలేదు. డాక్టరుగారు ఆయన్ని దాటి లోపలికి వెళ్ళి, నాడి చూసి, కళ్ళు చూసి, దుప్పటి సర్దేరు.

మేడ మీద ఇంకా ఇద్దరు రోగుల్ని చూసి ఆయన కిటికీ దగ్గరికొచ్చేరు. కింద నీళ్ళు ఇంకా పెరిగేయి. ఆయన పెద్దవయసు మనిషి, నడిచి వెళ్ళలేరు. మమ్మల్ని అడగడానికి నోరు రాక అలా బయటికి చూస్తూ నిలబడ్డారు. బావ అప్పుడు ఆయన పెట్టె మళ్ళీ అందుకుని, "రండి, దిగబెడతాను," అని బెంగాలీలో అన్నాడు.

"బావా, నువ్వుండు. నేను వేరే ఎవర్నైనా..." అన్నాను.

"ఇంకెవడికుంది రా బండి?" అన్నాడు. వెళ్ళిపోయేడు. సాయంత్రం మసక పడేక తిరిగొచ్చి అప్ప కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె చెప్పమన్న మాట చెప్పేను. వింటున్నాడో లేదో తెలియలేదు.

సమాధుల తోటలో నీళ్ళు తీసేదాకా అప్పని పాతిపెట్టడానికి కూడా వీలు కాలేదు.

ఆ తరవాత ప్రతి వానాకాలం సందులో ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. నొప్పులు పడుతున్న మనిషి, కుక్క కరిచిన పిల్ల. బావ కాదనేవాడు కాదు. తీసుకెళ్ళి, దిగబెట్టి, తిరిగొచ్చి పడుకునేవాడు. కూతురు బతికిందని ఒకాయన మిఠాయి తెస్తే నా చేతికిచ్చి, "నువ్వు తిను," అన్నాడు. రిటైరయ్యేక జీపుని బడ్జ్ బడ్జ్ వైపు సరుకు తోలుకునే మనిషికి అమ్మేసి, నా ఇంటికి వచ్చేసేడు. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ ఏ ప్రసక్తీ లేకుండా ఆయనే మొదలుపెట్టేడు.

"ఆవేళ డాక్టర్ని దిగబెట్టడానికి ఎల్లేను కదా. దారిలో ఏటి మాటాడాలో ఆయనకి తెలీనేదు. ఈ బండి ఎవరు ఎత్తించేరు, ఎలగ ఎత్తించేరు అని అడిగేడు."

"ఊఁ."

"అంతా సెప్పేను రా. కమాన్లు ఏసి తీసెయ్యడం, షాకిళ్ళు, రబ్బరు దిమ్మలు, అంతా. వాళ్ళింటికాడ ఆపేక కూడా సెప్పేను. ఆయన దిగకుండా అలగే ఇన్నాడు. అక్కడ అది సచ్చిపోయి ఉంది, ఇక్కడ నాను బోల్టుల గురించి సెప్తన్నాను. నోరు ఆగనేదు."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయి ఉంది. నా భార్య మజ్జిగ తెచ్చి, మా ఇద్దరినీ చూసి, గిన్నె అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆయన ఏమన్నాడు బావా?"

"బాగా సేసేవు, అన్నాడు."

నేను మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపేను. కాసేపటికి ఆయన అన్నంలో పోసుకుని కలుపుకున్నాడు.