కొంగున కట్టిన జొన్నలు

ఊరు ఏం తింటున్నదో అందరికంటే ముందు తెలిసేది పిండిగిర్నీకే. నిజామాబాద్‌లో మా అత్తగారింటి గిర్నీలో ఇరవై ఏళ్లకు పైగా తూకం దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి ఈ మాట కాస్త గర్వంగానే చెబుతాను. పెళ్లై వచ్చిన కొత్తలో పొద్దున్నే గుమ్మం ముందు నిలబెట్టిన సంచుల్లో సగానికి పైగా జొన్నలే ఉండేవి. తరవాత గోధుమలు పెరిగాయి. ఆ తరవాత సంచులే తగ్గిపోయాయి. అందరిళ్లలో రెండు పూటలా అన్నమే. సకినాలకు తడిబియ్యం తెచ్చేవాళ్లు తప్ప మా గడప తొక్కేవాళ్లు లేరు.

ఇప్పుడు మళ్లీ జొన్నలు వస్తున్నాయి. కానీ తెచ్చేవాళ్లు వేరు, అవి పండే చోటు వేరు. షుగరు ఉందని డాక్టరు చెప్పాక స్టీలు డబ్బాలో రెండు కిలోలు పట్టుకొని స్కూటరు మీద వస్తారు. గంజ్ ధాన్యం మార్కెట్లో కొన్న జొన్నలవి, మహారాష్ట్ర నుంచి లారీల్లో దిగినవి. "అక్కా, గోధుమలు పట్టినంక వెంటనే నాయి వెయ్యకు, కలుస్తయి" అని నా నెత్తిన నిలబడి మరీ చెబుతారు. ఒకప్పుడు జొన్నల సంచులను వెనక్కి జరిపి గోధుమలవాళ్లకు ముందు పట్టి ఇచ్చేవాళ్లం. మర్యాద కూడా గింజ వెంటే తిరుగుతుంది.

మా పుట్టిల్లు బోధన్ దగ్గర పల్లె. మా బాపుకు కాలువ కింద రెండెకరాల మడి, కాలువ నీళ్లు ఎక్కని ఎత్తులో అర ఎకరం చెలక ఉండేవి. కింద చెరుకు, పైన జొన్న. చెరుకు చక్కెర ఫ్యాక్టరీకి పోయేది, జొన్న మా కడుపుల్లోకి వచ్చేది. ఫ్యాక్టరీ సైరన్ కూస్తే మేం స్నానాలకు లేచేవాళ్లం. చలికాలం అంతా గాలిలో బెల్లప్పాకం వాసన ఉండేది. చెరుకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు. వరి మా ఊళ్లో ఉండేది గానీ మా ఇంట్లో ఉండేది కాదు. అన్నం పండగకు, జ్వరం తగ్గిన పిల్లకు.

మా అవ్వ భీమ్‌గల్ వైపు నుంచి కోడలుగా వచ్చింది. మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం. ఆమె పెళ్లినాడు వాళ్లింట్లో బియ్యం లేవట. ఒడిబియ్యం పొయ్యాలంటే బియ్యమే పొయ్యాలి కదా. నాలుగిళ్లు అడిగి తెచ్చి, పసుపు కలిపి, మా అమ్మమ్మ కూతురి ఒడిలో పోసింది. అంతా అయ్యాక సొంత ఇంటి మట్టి గురిగిలోంచి గుప్పెడు తెల్లజొన్నలు తీసి కొంగు చివర ముడేసింది. బియ్యం అడిగి తెచ్చినవి, జొన్నలు ఇంటివి. ఆ గుప్పెడు గింజలే మా చెలకలో మొలిచాయి. యాసంగి జొన్న అది, ఒక్క తడి కూడా అడగదు, నల్లరేగడిలో మంచుకే పండుతుంది. ఒక ఏడు కాలువ రాలేదు. కింద చెరుకు నిలబడ్డచోటే ఎండింది. ఆ ఏడంతా మమ్మల్ని బతికించింది పై చెలకే. పొద్దున జొన్నరవ్వ గట్క, మాపటికి రొట్టె. అందుకే ఆ గింజను అవ్వ ఇంట్లో మనిషిని చూసినట్టు చూసేది. వేపాకు, బూడిద కలిపి గురిగిలో పోసి, మూతి మీద గుడ్డ కట్టి, పేడతో మెత్తేది. వానల్లో ఇల్లు కురిస్తే ముందు గురిగిని జరిపి తరవాత మమ్మల్ని జరిపేది. ఈ విషయంలో నాకు చిన్నప్పుడు కోపం కూడా ఉండేది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తీసుకునేవాళ్లు లేరు. బాపు పోయాక వ్యవసాయం అన్న చేతికి వచ్చింది. అన్న బోరు వేయించాడు, చెలకను చదును చేసి ఒడ్డు పెట్టి దాన్నీ వరిమడి చేశాడు. తప్పు పట్టను. అందరూ చేసిందే చేశాడు, వడ్లు కొనేవాళ్లున్నారు. చిన్నప్పుడు అన్నం అంటే ఎక్కడో కృష్ణా, గోదావరి కింది జిల్లాలదని అనుకునేవాళ్లం. ఇప్పుడు మా ఊరి వడ్లే లారీలెక్కి, బియ్యమై రైలెక్కి ఎవరి కంచాల్లోకో పోతున్నాయి. నాట్లు వేయడానికి బీహార్ నుంచి మనుషులు దిగుతున్నారు. వేల్పూర్, బాల్కొండ వైపు ఎర్రజొన్న ఎకరాలకెకరాలు కనిపిస్తుంది గానీ అది మనిషి తినేది కాదు, ఉత్తరాదిలో పశువుల మేతకు విత్తనంగా పోయేది. తినే జొన్న మాత్రం సరిహద్దు దాటి మహారాష్ట్రకు వెళ్లిపోయింది. ఒక దేశం తిండి ఇట్లా కాళ్లు వచ్చినట్టు నడుస్తుందని నేను ఎక్కడా చదవలేదు, తూకం దగ్గర కూర్చుని చూశాను.

చెలక పోయినా అవ్వ విత్తనాన్ని పోనివ్వలేదు. పెరట్లో ఏటా నాలుగు సాళ్లు వేసి, కొత్త గింజతో గురిగి నింపేది. రెండేళ్ల కింద మోకాళ్లు పట్టేశాయి. ఆ నాలుగు సాళ్లూ ఆగిపోయాయి. నిరుడు ఎండాకాలంలో ఆమెకూ షుగరు బయటపడింది. డాక్టరు అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు. గంజ్ నుంచి మంచి జొన్నలు ఏరి, గిర్నీలో రాయి శుభ్రంగా తుడిచి, పిండి పట్టించి పంపాను. అవ్వ ఒక రొట్టె తిని కంచం పక్కకు జరిపింది.

"సప్పగున్నయి బిడ్డా. మన జొన్న గాదిది" అంది.

అప్పుడు నాకు పంతం వచ్చింది. నా పంతం మా ఇంట్లో అందరికీ తెలుసు. వానకాలంలోనే అన్నతో దెబ్బలాడి ఆ అర ఎకరంలో వరి పెట్టకుండా ఆపించాను. దసరా తరవాత జొన్న వేద్దామన్నాను.

అన్న ఓపికగానే చెప్పాడు. "సెల్లె, నీకెర్క లేదు. సుట్టూర నాట్లు పడ్తయి, నీళ్లు ఊరుతయి. అది ఒకటైతే, పిట్టలు ఒకటి. ఊరంత జొన్న ఏస్తె పిట్టలు అందరి తాన ఇంతింత తింటయి. ఒక్కడే ఏస్తె ఆని తాననే తింటయి."

"అర ఎకరం కోసం గింత పంచాయితా అన్నా? గన్ని వడ్లు పండిస్తున్నవ్, అవ్వకు రెండు రొట్టెల జొన్న పండియ్యలేవా?" అన్నాను. ఆ మాటకు అన్న దిగొచ్చాడు. నోరున్నవాళ్లదే న్యాయం అయిపోయింది.

విత్తే రోజు నేనూ వెళ్లాను. అవ్వ గురిగి మూత విప్పి, వేపాకు ఏరేసి, గింజలను చేటలో పోసింది. సగం పోసి ఆపింది.

"గురిగి బోర్లియ్యద్దు బిడ్డా. విత్తనం ఎప్పుడైనా సగమే అలుకాలె. సగం ఇంట్ల ఉండాలె" అంది.

నాకు తెలిసిన చదువంతా బయటికి తీశాను. "రెండేండ్ల గింజ అవ్వా ఇది. సగం మొలవనే మొలవది. ఇంకో ఏడు ఆపినవంటే ఉన్న పాణం గూడ పోతది. మొత్తం పోసెయ్."

అవ్వ నా ముఖం కేసి కాసేపు చూసింది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "సరే తియ్యి. నాకు భయమెందుకు" అని గురిగిని చేటలోకి బోర్లించి, అడుగున చేత్తో తట్టింది. నా మాట మీద గురి కుదిరిందని నేను మురిసిపోయాను.

మొలక బాగా వచ్చింది. అవ్వ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని ఒడ్డు మీద కూర్చుని చూసుకునేది. ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి చేను సంగతి చెప్పేది. "మోకాలెత్తు అయ్యింది", "నడుమెత్తు అయ్యింది" అని. ఆ నెలల్లో ఆమె గొంతు వింటే నాకు చిన్నప్పటి సైరన్ విన్నంత హాయిగా ఉండేది.

అన్న చెప్పిందీ జరిగింది. చుట్టూ వడ్ల కోతలు అయిపోయాయి, మడుల్లో నీళ్లు నింపి దమ్ము చేశారు. ఊట మా చెలకలోకి దిగింది. కింది సగం పసుపుబారి, వేర్లు కుళ్లి ఒరిగిపోయింది. పై సగం మాత్రం నిలబడి కంకులు వేసింది. అవి పాలు పట్టే వేళకు పిట్టలు దిగాయి. ఎక్కడ చూసినా నీళ్లు, గడ్డిపోచల్లాంటి నారు. కనుచూపు మేరలో గింజ ఉన్నది మా చేనులోనే. పిచ్చుకలు, గిజిగాళ్లు, చిలుకలు, పేరు తెలియనివి. ఏ ఊళ్లవో అన్నీ మా ఇంటికే చుట్టాలుగా వచ్చాయి.

గిర్నీ మా ఆయనకు వదిలేసి వెళ్లాను. అన్న మంచె వేశాడు, పాత చీరలు కట్టాడు. కాపలాకు మనిషి దొరకలేదు. దొరికిన ప్రతి మనిషీ నాట్లలోనే ఉన్నాడు. అవ్వ కుర్చీలో కూర్చుని స్టీలు పళ్లెం మోగించేది. నేను మంచె మీద నుంచి అరిచేదాన్ని. ఇటు లేపితే అటు వాలేవి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, ఆ బ్రహ్మాస్త్రం ఉన్నా మా అర ఎకరంలో సరిపోయేది కాదు. మూడో రోజుకు నా గొంతు పోయింది. వారం తిరిగేసరికి చేనూ పోయింది.

మిగిలిన కంకులు కోసుకొచ్చి వాకిట్లో పోశాం. అవ్వ ఒక్కొక్కటే అరచేతిలో నలిపి ఉఫ్ అని ఊదింది. పొట్టు ఎగిరిపోయేది, అరచేయి ఖాళీ. ఎక్కడో ఒకటీ అరా గింజ ఉంటే అది పాలు ఎండిన తాలు, లేకపోతే ఊటకు నల్లబడింది. చివరి కంకి దాకా నలిపింది. విత్తనానికి పనికొచ్చే గింజ ఒక్కటి దొరకలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. గురిగి బోర్లించమన్నది నేను. యాభై ఏళ్లు ఆమె కాపాడుకున్నదాన్ని ఒక్క పూట పెద్దరికంతో పోగొట్టింది నేను. అన్న "నేను జెప్పలేదా" అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండేది.

అవ్వ మాత్రం నిమ్మళంగా ఉంది. చీర మీది పొట్టు దులుపుకుంటూ, "పోనియ్ బిడ్డా, ఏడ్వకు. పిట్టలు గూడ ఎన్నేండ్ల సంది జొన్న మొఖం సూడలేదో. వచ్చే ఏడు నాలుగు సాళ్లు పెరట్లనే ఏస్కుందం" అంది.

"ఏం ఏస్తవవ్వా? గింజ ఏది?"

"నీ తాన ఉన్నయి గద."

నాకు అర్థం కాలేదు. అవ్వే నా వైపు వింతగా చూసింది. "నీకు ఒడిబియ్యం పోసినప్పుడల్ల కొంగుకు కట్టిన గద. మొన్నటేడు గూడ కడితి. విత్తనం ఒక్కింట్ల ఉండద్దు, ఆడివిల్ల ఇంట్ల సగం ఉంటె ఎన్నటికి పోదు. గా ధైర్యంతోనే గురిగి బోర్లిచ్చిన."

కట్టింది. పెళ్లినాడు, ఆ తరవాత కొన్నేళ్లకోసారి పుట్టింట ఒడిబియ్యం పోసినప్పుడల్లా, మొత్తం ఐదుసార్లు కట్టింది. బాపు ఉన్నప్పుడు బియ్యం పోసి కట్టింది. బాపు పోయాక, భర్త లేనిదని, నన్ను కూర్చోబెట్టే పీట దగ్గరికి ఆమెను రానివ్వరు. అన్న, వదిన బియ్యం పోస్తుంటే తలుపు దగ్గర నిలబడేది. ఆ ఆచారం మీద నాకు ఇప్పటికీ మంటే. అంతా అయ్యాక మెల్లగా వచ్చి, నా కొంగు చివర గుప్పెడు జొన్నలు పోసి ముడేసి, ముడిని రెండు వేళ్లతో నొక్కి వెళ్లేది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆమెకు వాళ్లవ్వ కూడా చెప్పి ఉండదు. గింజ చేతికొస్తే విత్తనమని తెలియని ఆడది ఉంటుందని వాళ్లు అనుకోలేదు.

నేను గిర్నీ మనిషిని. నా చేతికి గింజ వస్తే పిండే. ఇంటికి రాగానే బియ్యం వండి అందరికీ పెట్టేదాన్ని. కొంగు ముడి విప్పి ఆ గుప్పెడు జొన్నలు మా ఇంటి జొన్నల డబ్బాలో వేసేదాన్ని. తెల్లారి అన్నీ కలిపి గిర్నీలో పోసేదాన్ని.

"గిర్నీల పోసిన అవ్వా" అన్నాను.

పొట్టు దులుపుతున్న చేయి ఆగింది. "అన్నియా?"

"అన్ని."

అన్న లేచి మోటారు ఆపాలని చెప్పి బయటికి పోయాడు. అవ్వ వాకిట్లో పొట్టు కుప్పను చూస్తూ కూర్చుంది. తిట్టినా, ఏడ్చినా పట్టుకోవడానికి నాకు ఏదో ఒకటి దొరికేది. చివరికి నా వైపు తిరిగింది.

"రొట్టెలన్న మంచిగైనయా బిడ్డా?"

నాకు తెలియదు. గంజ్ జొన్నల్లో కలిసిపోయిన గుప్పెడు గింజల రుచి ఎవరికి తెలుస్తుంది? ఆ రొట్టెలు ఏ రోజు తిన్నామో, ఏ కూరతో తిన్నామో కూడా గుర్తు లేదు.

"మంచిగైనయవ్వా" అన్నాను.

"అయితయి" అంది అవ్వ. "మన జొన్న రొట్టెలు సల్లారినా ఇరగయి."