రిట్రెంచ్‌మెంటుకు అర్థం వెతికిన పుల్లారావు బాబాయి

నడికుడి రాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో మేనేజరు పుల్లారావు బాబాయికి ఒకటే జబ్బు. ఇంగ్లీషు మాట ఏది వినబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా పని ముందుకు కదలదు. డాక్టరు బీపీ ఉందంటే, ఆ మాట ఎక్కడ పుట్టిందో కనుక్కోవడానికి వారం పట్టింది. అందాకా మాత్రలు జేబులోనే ఉన్నాయి. ఎదురు కుర్చీలో బిల్లులు రాసుకునే నాకు ఆయన పుణ్యమా అని సగం డిక్షనరీ వచ్చేసింది.

మొన్న ఆషాఢంలో గిరాకీ పడిపోయింది. ముహూర్తాలు లేవు, కొత్త ఇళ్ల పనులు లేవు, నాపరాళ్లు అడిగే దిక్కు లేదు. ఓనరు కోటేశ్వర్ గారు వచ్చి, "రిట్రెంచ్‌మెంట్ చెయ్యాల పుల్లారావ్. ముగ్గుర్ని తీసెయ్. ముందు పోలమ్మ పేరు రాయ్" అన్నారు. పోలమ్మ రాళ్లు కడుగుతుంది. ఆమె కూలి మీదే ఇంట్లో నలుగురు తింటున్నారు.

"రాస్తానండీ. ముందు ఆ మాటేందో తేలనీండి" అన్నాడు బాబాయి.

వారం పోయాక ఓనరు మళ్లీ అడిగారు.

"ఫ్రెంచి మాటంటండీ. కోయటం అని అర్థం."

"మరి కొయ్!"

కోశాడు. రెండో టీ కోశాడు, మొదటి టీలో పంచదార కోశాడు, మా ఫ్యాను కోశాడు. సిరా కలిసొస్తుందని కస్టమర్ల ఇంటిపేర్లు ఒక్క అక్షరమే రాయమన్నాడు. ముగ్గురి పేర్లు మాత్రం రాయలేదు.

ఇంకో పది రోజులకు, "ట్రెంచి, అంటే కందకం, అదీ దీని చుట్టమేనండీ. గుంటూరు లైబ్రరీకి పోతే చానా తేలుద్ది" అన్నాడు.

"నీ డిక్షనరీ తగలెయ్య! శుక్రవారానికి పేర్లు ఇయ్యకపోతే నాలుగో పేరు నీదే" అని అరిచి వెళ్లారు ఓనరు.

శుక్రవారానికి శ్రావణం వచ్చేసింది. పొద్దున రెండు లారీల రాళ్లకు ఫోనొచ్చింది, సాయంత్రానికి అవి ఐదయ్యాయి. "మనుషులు చాలట్లా, ఇంకో ఇద్దర్ని పిలువు" అన్నది ఓనరే.

ఆయన వెళ్లాక అడిగాను, "బాబాయ్, గుంటూరు పోవా? అర్థం పూర్తిగా తేలలేదుగా?"

"ఒరేయ్, దాని అర్థం నాకు ఇరవై ఏళ్ల కిందే తెలుసురా. అప్పుడు నేను పనిచేసే స్పిన్నింగు మిల్లోళ్లు కాయితం మీద రాసి మరీ చేతికిచ్చారు."

ఇన్నాళ్లూ ఈయన్నా నేను వెక్కిరించింది అని సిగ్గేసింది.

"మరి ఈ నెలంతా ఏం వెతికావ్?"

"ఆషాఢం ముప్పై రోజులేగా, దాటించా" అని, "ఏందిరా ఆ చూపు? లారీ ఆగుంది, బిల్లు రాయ్" అని కసిరాడు.