ఇరవై మూడో నంబరు హాజరు

దయ్యాలున్నాయని నన్నెవరూ ఒప్పించలేరు. ఇది చదివాక కూడా ఆ ప్రయత్నం చేయకండి. ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిమ్మకాయలోంచి నెత్తురు తెప్పించడం లాంటి బాబాల విద్యలన్నీ క్లాసులో చేసి చూపించి, వాటి వెనకున్న సంగతి బోర్డు మీద రాసేదాన్ని. మా అత్తగారు పోయినప్పుడు పిండం కాకి ముట్టలేదని ఇంట్లో అందరూ కంగారు పడుతుంటే, అది పక్కింట్లో భోంచేసి ఉంటుందన్నాను. ఆ మాటకు మా ఆడపడుచు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

కాబట్టి ఇది దయ్యం కథ కాదు. ఇందులో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు. ఒక హాజరు రిజిస్టరు ఉంది. అందులో పదకొండు నీలం టిక్కులున్నాయి. వాటిని కొట్టేయమంటే కొట్టేయని నేనున్నాను.

మా బడి కూచిపూడి దాటాక పొలాల మధ్య ఉంటుంది. ఊరి పేరు రాయను. పదో తరగతి బి సెక్షన్‌కు నేనే క్లాస్ టీచర్‌ని. పిల్లలు చాటుగా నన్ను ‘ఆబ్సెంట్ మేడం’ అంటారని నాకు తెలుసు. రాని పిల్లకు వచ్చినట్టు హాజరు వేయడం నా చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు. హెడ్మాస్టరు గారు చెప్పినా జరగలేదు. బడిలో హాజరు శాతం పడిపోతే పైనుంచి ఫోన్లు వస్తాయి కాబట్టి ఆయన ఏటా నన్ను బతిమాలేవారు.

ఆ ఏడు వరి నాట్లప్పుడు క్లాసులో సగం మంది ఆడపిల్లలు రాలేదు. అందులో ఇరవై మూడో నంబరు కెజియా ఒకతి. తల్లితోపాటు నాట్లకు పోయింది. తండ్రి ఏసుబాబు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఆ పిల్ల రాని రోజులన్నిటికీ నేను ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్ వేశాను. డెబ్బై అయిదు శాతం లేకపోతే పబ్లిక్ పరీక్షకు హాల్ టికెట్ రాదని తల్లిని పిలిచి చెప్పాను కూడా. నాట్లయ్యాక కెజియా ఒక్క రోజు మానలేదు. అయినా అంచు మీదే ఉంది.

నేను హాజరు ఎలా వేస్తానో చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉందంటారు. తల ఎత్తను. నంబరు పిలుస్తాను, గొంతు వింటాను, టిక్కు పెడతాను. నలభై ఒక్క గొంతులూ నాకు తెలుసు. ఒకరి బదులు ఇంకొకరు పలికితే అక్కడికక్కడే పట్టుకుంటాను. కెజియాది కాస్త బొంగురు గొంతు. పిలిచాక ఒక్క క్షణం ఆగి పలుకుతుంది. అందరికీ పిలవడం అయ్యాక, రానివాళ్ల నంబర్లు ఫోనులో యాప్‌లో కొడతాను. వెంటనే వాళ్ల తల్లిదండ్రులకు మెసేజి వెళ్తుంది.

నవంబరులో మా గది స్లాబుకు మరమ్మతు మొదలైంది. రెండు సెక్షన్లనూ కలిపి ప్రార్థన హాల్లో కింద కూర్చోబెట్టాం. ఎనభై మంది పిల్లలు, ఒకటే బోర్డు. రెండు వారాలు అలా నడిచింది. ఆ రెండు వారాల్లో నేను రోజూ ఇరవై మూడు అని పిలిచాను. రోజూ ఒక్క క్షణం ఆగి ఆ బొంగురు గొంతు ‘ప్రెజెంట్ మేడం’ అంది. ఒక మంగళవారం మరీ లోగొంతుకతో పలికితే, తల ఎత్తకుండానే, “గట్టిగా పలకలేవా, పొద్దున ఏమీ తినలేదా?” అని కసిరాను. ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది.

రెండో వారం చివర, శనివారం మాత్రం పలకలేదు. రెండుసార్లు పిలిచాను. ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్ వేసి, యాప్‌లో నంబరు కొట్టాను.

సోమవారం ప్రార్థన కూడా కాకముందే ఏసుబాబు బడికొచ్చాడు. మాసిన చొక్కా, చేతిలో ఆసుపత్రి కాగితాలు. పాపకు ఇంకో రెండు వారాలు సెలవు కావాలన్నాడు. ఏమైందని అడిగాను.

“మీకు తెలవదాండీ? రెండు వారాలకు ముందు ఆదివారం జ్వరంతో పడిపోయిందండి. బెజవాడ తీసుకుపోయాం. జ్వరం మెదడుకెక్కిందన్నారు. పదమూడు రోజులు తెలివి లేకుండా పడుందండి. మేమింక ఆశ వదిలేసుకున్నాం.”

నాకు కోపమొచ్చింది. మొదట వచ్చింది కోపమే, భయం కాదు. ఏసుబాబూ, మీ అమ్మాయి శుక్రవారం దాకా బడికొచ్చింది అన్నాను. అతను నా మొహం వంక చూశాడు. కాగితాలు బల్ల మీద పెట్టాడు. చేర్చుకున్న తేదీ, పూటపూటకీ రాసిన జ్వరం లెక్క, డాక్టరు సంతకాలు. నేను రిజిస్టరు తెరిచాను. పన్నెండు పని దినాలు. పదకొండు నీలం, చివర ఒక ఎరుపు.

అప్పుడతను ఇంకో మాట చెప్పాడు. “శనివారం వరండాలో బల్ల మీద కూచున్నానండి. బడి కాణ్ణించి మెసేజి వచ్చింది, మీ అమ్మాయి ఈ రోజు రాలేదని. ఇన్ని రోజుల్నించి రాకపోతే ఇయ్యాలే తెలిసిందా వీళ్లకి అని ఒళ్లు మండిందండి. ఫోను జేబులో పెట్టుకునే లోపే నర్సమ్మ కేకేసింది. కళ్లు తెరిచిందండి. మంచినీళ్లడిగింది.”

ఫోను తీసుకుని ఆ మెసేజి వచ్చిన సమయం చూశాను. తొమ్మిది యాభై రెండు. రోజూ నేను యాప్‌లో కొట్టే సమయం అదే.

ఏసుబాబును కుర్చీలో కూర్చోబెట్టి హాల్లోకి వెళ్లాను. ఎవరో ఆడిన ఆటే అని నా నమ్మకం. కెజియా పక్కన కూర్చునే ఝాన్సీని బయటికి పిలిచి, ఆ పిల్ల బదులు ఎవరు పలికారని నిలదీశాను. ఝాన్సీ నిజంగానే తెల్లబోయింది.

“ఎవరూ పలకలేదు మేడం. మీరు పిలిచేవారు, కాసేపాగి టిక్కు పెట్టేవారు. కెజియాకు హాజరు తక్కువుంది కదా, మీరే జాలిపడి వేస్తున్నారనుకున్నాం. మీకు ఇబ్బందని ఎవరం బయట అనలేదు.”

మరి మంగళవారం గట్టిగా పలకమన్నానే అన్నాను.

“అవును మేడం. మీరు బాగా నటిస్తున్నారని నవ్వుకున్నాం.”

మిగతావాళ్లను విడివిడిగా అడిగాను. అందరిదీ అదే మాట. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో పిల్లలు నన్ను మంచిదాన్ననుకున్నది ఆ రెండు వారాలే. అదీ నేను చేయని పనికి. వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నానికి విషయం హెడ్మాస్టరు గారి దాకా వెళ్లింది. ఆయన తలుపు వేసి, రిజిస్టరు నా ముందుకు తోశారు. “పదకొండు రోజులూ ఎర్ర ఇంకుతో దిద్ది పక్కన సంతకం పెట్టండి మేడం. ఆసుపత్రిలో ఉన్న పిల్లకు హాజరంటే నా ఉద్యోగానికీ మీ ఉద్యోగానికీ ముప్పే.”

ఆయన అన్నది న్యాయమే. కానీ ఆ పదకొండు రోజులు పోతే కెజియాకు హాల్ టికెట్ పోతుంది. అనారోగ్యానికిచ్చే సడలింపు తండ్రి ఇప్పుడడిగిన రెండు వారాల సెలవుకే సరిపోతుంది. ఆ ఏడు పరీక్ష తప్పిందంటే ఆ పిల్ల మళ్లీ నాట్లలోకే పోతుంది, ఇక తిరిగి రాదు. అలా పోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

దిద్దనన్నాను. జాలితో అన్నానని ఆయన అనుకున్నారు. జాలే అయితే నాట్లప్పుడే పడేదాన్ని కదా. నాకు వినపడింది, నేను రాశాను. వినపడని రోజు వినపడలేదని కూడా రాశాను. ఇప్పుడు దిద్దితేనే నేను అబద్ధం రాసినట్టు.

డివిజన్ నుంచి ఆఫీసరు గారు వచ్చారు. గంటసేపు రకరకాలుగా అడిగారు. నిద్ర సరిగా పడుతోందా అని కూడా అడిగారు. పడుతోందన్నాను. చెవుల పరీక్ష చేయించుకోమన్నారు. చేయించుకున్నాను. లోపం లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆయనకే పంపాను. సంజాయిషీ రాయమంటే ఒకే వాక్యం రాశాను: నేను రోజూ పిలిచి, పలికిన రోజుకు హాజరు, పలకని రోజుకు గైర్హాజరు వేశాను. అంతకన్నా ఏమీ రాయనన్నాను. నా సర్వీసు రిజిస్టరులో ఒక మెమో చేరింది. క్లాస్ టీచర్ పని నుంచి తప్పించారు. హాజరు రిజిస్టరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దిద్దాలంటే దిద్దినవాళ్లు సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఇందులో నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. అది ఆఫీసరు గారు అడగలేదు. పదకొండు రోజుల పాటు నా ఎదురుగా ఒక పిల్ల చోటు ఖాళీగా ఉంటే నేను చూడలేదు. చెవికి హాజరైతే చాలనుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మిగతాదానికి నా దగ్గర కారణం లేదు. నేనే ఊహించుకున్నానందామా, ఆ ఒక్క నంబరే ఎందుకు? అలవాటు కొద్దీ టిక్కు పెట్టానందామా, శనివారం ఎందుకు పెట్టలేదు? ఆ మెసేజి వెళ్లిన నిమిషానికే ఆ పిల్ల ఎందుకు కళ్లు తెరిచింది? ఎంత ఆలోచించినా ఈ లెక్క తేలలేదు. తేలనంత మాత్రాన దయ్యమనో మహిమనో ఒప్పుకోను. ఏసుబాబు వాళ్ల చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. వెళ్లలేదు.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. పంచే పని నాకే పడింది. ఇరవై మూడు అని పిలిచాను, ఈసారి తల ఎత్తి. కెజియా వచ్చి నిలబడింది. చిక్కిపోయింది, జుట్టు పొట్టిగా కత్తిరించారు. చేయి చాచకుండా, ఎప్పటినుంచో అడగాలనుకున్నట్టు అడిగింది.

“ఆ శనివారం నాకెందుకు ఆబ్సెంట్ వేశారు మేడం?”

“పిలిస్తే నువ్వు పలకలేదు కదమ్మా.”

ఒక్క క్షణం ఆగింది.

“ఆ రోజు మీరు పిలవడం నాకు వినపడలేదు మేడం.”

నేను ఆమె చేత సంతకం పెట్టించుకుని, హాల్ టికెట్ చేతికిచ్చాను.