యాదమ్మ తడిపిన కాంక్రీటు బిళ్ల

ద్రవ నైట్రోజన్ పుట్టించే చలిలో కాంక్రీటు గుండా వేడి ఎంత పాకుతుందో కొలవడం అరవైల మొదట్లో నా పరిశోధన. మొదటి బిళ్లతో వచ్చిన అంకెను మా గైడు నమ్మలేదు. "రెండో బిళ్ల కూడా అదే చెప్పాలి. లేకపోతే అంశం మార్చుకో" అన్నారు. ఆ రెండోది నల్గొండలో, పోత పోసిన మేస్త్రి ఇంట్లో ఉంది. ఎండలో ఆరబెట్టమని వదిలి వచ్చాను. ద్రవ నైట్రోజన్ మాకు శనివారాలే దొరికేది కాబట్టి శుక్రవారం పొద్దున ఆరింటి బస్సెక్కాను.

అప్పట్లో హైదరాబాదు నుంచి మూడున్నర గంటల దారి, టికెట్టు మూడు రూపాయల లోపే. చౌటుప్పల్‌లో చాయ్ తాగి, నార్కెట్‌పల్లి దగ్గర కుడికి తిరిగాక రెండు పక్కలా గుట్టలే.

మేస్త్రి పనికి పోయాడు. ఆయన భార్య యాదమ్మ తడి గోనెసంచి తీసి చూపింది. బిళ్ల నల్లగా నానిపోయి ఉంది. మొదటిది ఎండబెట్టి కొలిచాను, తడిది అదే అంకె చెప్పదు.

"ఎండబెట్టమన్నాను కదమ్మా" అన్నాను, కోపం దాచుకోలేక.

"సిమెంటు ఎండకు పగుల్తది సారూ. పోసిన కాడికెల్లి రోజూ చెంబెడు పోస్తున్న. ఉప్పు నీళ్లు గాదు, తియ్య బాయివే."

"ఆ బావి ఎక్కడ?"

"గా గుట్టవతల. పొద్దుగాల రెండు బిందెలు తెస్త, ఇంటిల్లిపాదికి గవ్వే."

ఉత్త చేతులతో తిరిగి వెళ్లదలచుకోలేదు. తడి బిళ్లనే కొలుస్తాను, ఆ తర్వాత దాన్నే ఎండబెట్టి మళ్లీ కొలుస్తాను అనుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టర్ "బండను బస్సు టాపు మీదెయ్యి సారూ, ఒళ్లె పెట్టుకోనీకి గదేమన్న దేవుడా?" అన్నాడు. వినకుండా హైదరాబాదు దాకా ఒళ్లోనే మోశాను.

శనివారం బిళ్ల పగలకుండా మెల్లగా చల్లబరిచాను. లోపలి సన్న రంధ్రాల్లో గాలికి బదులు నీరు గడ్డకట్టింది. వేడి మొదటి బిళ్లలో కన్నా బాగా ఎక్కువగా పాకింది. దాన్ని నెల రోజులు ల్యాబు ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ కొలిస్తే మొదటి బిళ్ల అంకే వచ్చింది. గైడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"తడిపి చూడాలని నీకెలా తోచింది?"

"నాకు తోచలేదు సార్. యాదమ్మ తడిపింది."

నా అంశం నిలిచింది. ఆ ఎండాకాలంలో ఆమె ఇంటిల్లిపాదికీ దొరికిన నీళ్లు రోజుకు రెండు బిందెలు. అందులో ఒక చెంబు నా బిళ్ల తాగింది. ఆ లెక్క నా పట్టికల్లో ఎక్కడా లేదు. ఆ దారిన వేసవిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మీరు తాగే నీళ్లు మీరే తీసుకెళ్లండి.