ఒక నాడె, రెండు నోళ్లు

నా నోట్లో మిగిలిన పళ్లన్నిటి మీదా ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా కోతలు తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వండి. ఈసారి ఒట్టు ఒట్టే.

సిరిసిల్లలో నేను సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానాలో నాకో జోడీ ఉండేవాడు. ఆరేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. చందుర్తి దిక్కు కూలీల ఇంటి నుంచి వచ్చి పని నేర్చుకున్నాడు. వాళ్ల ఊరి హోటల్లో వాళ్ల నాయినకు చాయ్ గ్లాసు వేరుగా చూరులో పెట్టేవారని ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అతను షిఫ్టు దిగితే నేనెక్కేవాణ్ని. అవే సాంచాలు, అవే నాడెలు.

పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్య నాడెలో నూలు కండె అయిపోతే కొత్తది పెట్టి, పక్కనున్న చిన్న బొక్కకు పెదవులు ఆనించి గట్టిగా పీల్చాలి. పోగు బయటికొస్తుంది. పోగు ఎక్కించడానికి వంకర తీగ ఒకటి ఉంటుంది గానీ, దాన్ని వెతికేంత ఓపిక ఎవరికుంది? అందరం పీల్చేవాళ్లమే. అన్న పీల్చి వదిలిన నాడెనే నేను పీల్చేవాణ్ని.

నాకు చిగుళ్ల నుంచి రక్తం మొదలై రెండు పళ్లు ఊగడంతో, కోరుట్లలో అక్కను చూసొస్తానని ఇంట్లో చెప్పి, జగిత్యాలలో పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె నోరు తెరిపించి చాలాసేపు చూసింది.

"మీ నాయినకు పండ్లు ఎప్పుడూడినయ్?"

"నా పెండ్లినాటికే బోసి నోరు మేడం."

"గదే. చిగుళ్ల కింద ఒక బ్యాక్టీరియా ఉంటది. శానామంది నోట్లె ఉంటది గని అందరినీ గింత తిప్పలు పెట్టది. కొందరి చిగుళ్లు పుట్టుకతోనే దానికి లొంగుతయ్, మీ ఇంట్ల గట్లనే ఉన్నట్టుంది. అట్లని తలరాత గాదు, సాఫ్ చేయించుకుంటే ఆగుతది. ఇడిసిపెడితే మాత్రం నోట్లనే ఆగదు. షుగర్ ఉన్నోళ్లకు షుగర్ పెంచుతది, గుండెకు గూడ మంచిది గాదంటరు."

నాడె సంగతి చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది.

"ఒక్క నాడెను ఇద్దరు చీకుతరా? ఇగ బంద్ జెయ్యుండ్రి. మీ జోడీకి షుగర్ ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే ఆయనను జల్ది చూపించుకోమనుండ్రి. మర్చిపోకుండ్రి."

నేను మర్చిపోలేదు. మర్చిపోయినా బాగుండేది.

మరునాడు చాయ్ హోటల్ దగ్గర నా వాచిన దవడ చూసి ఒకడు, "ఏందిరా, పెండ్లాం కొట్టిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఇంటి చిగుళ్లే బలహీనమని చెప్పడానికి నోరు రాలేదు. కోతలు మాత్రం వాటంతటవే వస్తాయి నాకు.

"డాక్టరమ్మ దుర్బిన్ల చూపెట్టింది. మీసాలున్న పురుగు! నన్ను జూసి దండం బెట్టింది. ఎవరి తాలూకని అడిగితే, నీ జోడీ తాతల కాన్నుంచి వాళ్ల నోట్లనే ఉంటున్న, నాడె ఎక్కి నీ ఇంటికి సుట్టపుసూపుగ అచ్చిన అన్నది."

చాయ్ పొలమారేలా నవ్వారు. నేనూ నవ్వాను.

రెండు రోజులకే అన్నకు నాడెలు వేరు చేసి, వాటికి ఎవరో గుర్తుగా ఎర్ర దారం చుట్టారు. మూడో రోజు షిఫ్టు మారే వేళ చాయ్ వచ్చినప్పుడు అందరికీ గాజు గ్లాసులు, అతనికి ఒక్కడికే సొట్టపడ్డ స్టీలు గ్లాసు. దాన్ని తిప్పి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"మా నాయిన గ్లాసు నన్ను ఎతుక్కుంట గీడిదాంక అచ్చింది తమ్మీ" అన్నాడు, గొంతు పెంచకుండా.

"ఊకె నవ్వులాటకు అంటి అన్నా" అన్నాను. తప్పు మా ఇంటి చిగుళ్లదని మాత్రం అనలేదు.

అతను గ్లాసు అట్లాగే కింద పెట్టి, సాంచాలు బంద్ చేసి వెళ్లిపోయాడు. కోరుట్లలో బట్టల దుకాణంలో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది.

పోయిన నెల వెళ్లాను. నన్ను చూడగానే "అచ్చినవారా కోతలోడా" అని నవ్వాడు. జరిగిందంతా చెప్పాను, డాక్టరమ్మ మాట కూడా చెప్పాను. గ్లాసులో సగం చాయ్ తాగి, మిగతాది నా చేతికిచ్చి, "తాగు, ఎట్లనన్న నీ సుట్టాలే" అన్నాడు.

ఒట్టేశాను కాబట్టి ఇక్కడ చెప్పాలి. ఈ చివరి ముక్క నేను కల్పించాను. కోరుట్ల పోయిన మాట నిజం. దుకాణానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతలే నిలబడిపోయాను. అతను బట్టలు మడతపెడుతూ, మధ్యలో వేలితో చిగురు నొక్కుకుని, ఆ వేలు చూసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. రక్తమో కాదో అంత దూరానికి కనిపించలేదు. నేను సిరిసిల్ల బస్సెక్కాను.

నా చిగుళ్లు కుదుటపడ్డాయి. ఇప్పుడు తీగతోనే పోగు ఎక్కిస్తున్నాను. డాక్టరమ్మ చెప్పమన్న మాట ఇంకా అతనికి చేరలేదు.