ప్రిన్సిపాల్ గారి బుగ్గ, నా సమ్మతి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రి సమీపంలోని ఒక వైద్య కళాశాలలో నేను శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాడిని. ఒకనాడు ఒక కంపెనీ ఇంజనీరు వింత కళ్లజోడు తెచ్చాడు. అది పెట్టుకుంటే ఎదుట గాలిలో గుండె తేలుతూ కనిపిస్తుందట! పాఠాలలో దాన్ని వాడేందుకు సమ్మతమో కాదో అధ్యాపకులందరూ రాసివ్వాలన్నారు ప్రిన్సిపాల్ గారు. నా నోటు పుస్తకంలో పదకొండు అభ్యంతరాలు సిద్ధంగా ఉన్నాయి. లేచి మొదటిది చదివాను: "చేతికి తగలని అవయవంతో విద్య అబ్బదు."

"ఒక్కసారి పెట్టుకోండి మాస్టారూ, తర్వాత తిడుదురుగాని" అంటూ ప్రిన్సిపాల్ గారే వచ్చి నా పక్కన నిలబడ్డారు. పెట్టుకున్నాను. గది మసకబారి, గుండె ఒక్కటే స్పష్టంగా కనిపించింది.

"చెయ్యి లెఫ్ట్‌కి చాపి ముట్టుకోండి సార్" అన్నాడు ఇంజనీరు.

మా శాస్త్రంలో ఎడమ అంటే ఎదుటి దేహానికి ఎడమ. అంటే నాకు కుడి. కుడివైపే చాచాను. మెత్తగా, వెచ్చగా తగిలింది! ఆనందం పట్టలేక గట్టిగా నొక్కి, "దీనికి బాగా కొవ్వు పట్టిందండీ!" అని సభకు ప్రకటించాను.

"ఏంటండీ మాస్టారూ, అది నా బుగ్గండీ!" అని ప్రిన్సిపాల్ గారు కేక పెట్టారు.

తోటి అధ్యాపకులు బల్లల మీద పడి నవ్వారు. ఆయన బుగ్గ నిమురుకుంటూ, "చేతికి తగిలిందిగా, ఆ మొదటిది కొట్టేయండి" అని కాగితం నా ముందుకు తోశారు. ఆయనకు కొవ్వు పట్టిందన్న నోటితో మిగిలిన పదీ చదివే ధైర్యం నాకు లేకపోయింది. సమ్మతమని రాసి సంతకం చేశాను.

ఆ సమ్మతి యంత్రానికి ఇచ్చినది కాదని, ఒక పెద్దమనిషికి చెప్పుకున్న క్షమాపణ మాత్రమేనని ఈ పత్రికాముఖంగా నమోదు చేస్తున్నాను.